హలో, ఓకే, ఔచ్ ఎప్పుడు పుట్టాయి? ఎటిమాన్‌లైన్ మీద ఒక ఇంగ్లీషు టీచరు సమీక్ష

పిల్లలు ఏదైనా ఇంగ్లీషు మాట పట్టుకుని "ఇది యాడ నుంచి వచ్చింది మేడమ్?" అని అడిగితే నేను మొదట తెరిచేది ఎటిమాన్‌లైన్ డాట్ కామ్. పూర్తి పేరు ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ. మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే నిఘంటువు ఇది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్‌లో ఉండే డగ్లస్ హార్పర్ గారు ఈ శతాబ్దం మొదట్లో మొదలుపెట్టారు. ఆయనేమీ యూనివర్సిటీ ప్రొఫెసరు కారు. పత్రికలో కాపీ ఎడిటరుగా పనిచేసినవారు, చరిత్ర మీద ప్రాణం పెట్టే మనిషి. ఒక్కరి పూనికతో మొదలైన ఆ పని ఇప్పుడు సుమారు 50 వేల పదాల దాకా వచ్చింది. చూడటానికి పైసా కట్టనక్కర్లేదు, లాగిన్ గొడవ లేదు. ప్రకటనలు కనిపిస్తాయి, అంతే.

నేను కడప జిల్లాలో జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఈ సైటు చూస్తే పదో తరగతి పరీక్షలో ఒక్క మార్కు కూడా ఎక్కువ రాదు. అయినా మా పిల్లలకు ఇంగ్లీషంటే ఉన్న బెరుకు పోగొట్టడంలో నాకు దీనంత సాయం చేసింది ఇంకొకటి లేదు. కారణం ఏమిటంటే, ఇందులో ప్రతి మాట పక్కనా ఒక ఏడాది ఉంటుంది. ఆ మాట రాతలో మొదట దొరికిన కాలం అది. ఆ అంకె చేతిలో ఉంటే ఎనిమిదో తరగతి పిల్ల కూడా ఒక కథ నిజమో కట్టుకథో తనే తేల్చుకోగలదు.

హలో సంగతే చూడండి. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ ప్రియురాలి పేరు మార్గరెట్ హలో అనీ, ఆయన ఫోన్లో మొట్టమొదట ఆమె పేరే పలికాడనీ, అందుకే మనమంతా ఫోనెత్తగానే హలో అంటున్నామనీ ఒక ఫార్వర్డు ఏళ్ల తరబడి తిరుగుతోంది. మా పేరెంట్స్ గ్రూపులోకీ వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని ప్రేయర్‌లో చదవాలని ముచ్చటగా పేపరు మీద రాసుకొచ్చారు. నేను అవునూ కాదూ అనకుండా క్లాసులోని ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకున్న పెద్ద టచ్ స్క్రీన్) మీద హలో పేజీ తెరిచి, మీరే చదవండి అన్నాను.

పలకరింపుగా హలో 1848 నాటికే ఉందని అక్కడ రాసి ఉంది. అమెరికా పడమటి సరిహద్దు ప్రాంతాల్లో ఎవరింటికైనా వెళ్తే దూరం నుంచే "హలో, ద హౌస్" అని కేకేసేవారట. మన పల్లెల్లో వాకిట్లో నిలబడి "ఇంట్లో ఎవురున్నారూ" అని పిలిచినట్టే. దానికి ముందు హల్లో, అంతకు ముందు హాలా, హాలో, ఇలా వెనక్కి వెళ్తే 14వ శతాబ్దం చివర్లో ఎదుటివాళ్ల చూపు మన వైపు తిప్పుకోవడానికి వేసిన కేకల దాకా చేరుతుంది. బెల్‌కు టెలిఫోన్ పేటెంటు వచ్చింది 1876లో. బోర్డు మీద రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాశాను. ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ పిల్లవాడు "ఫోన్ కంటే ముందే మాట ఉంటే ఇంక ఆయమ్మ యాడిది మేడమ్?" అన్నాడు. క్లాసులో నేను వినాలనుకునే ప్రశ్న అదే.

మిగతాది నేను చెప్పాను. బెల్ 1877లో పెళ్లాడింది మేబెల్ హబ్బర్డ్ అనే ఆమెను. ఫోన్లో పలకడానికి ఆయనకు నచ్చిన మాట అహోయ్, అంటే ఓడల మీద వాళ్లు పిలుచుకునే కేక. హలో బాగుంటుందని అదే 1877లో ఉత్తరం రాసింది థామస్ ఎడిసన్. చివరికి ఎడిసన్ మాటే నిలిచింది. 1889 నాటికి ఎక్స్చేంజీల్లో పనిచేసే అమ్మాయిలను హలో గర్ల్స్ అనేవాళ్లని కూడా అదే పేజీలో ఉంది. ఆ మాట ఆడపిల్లలకు బాగా నచ్చింది. ప్రేయర్‌లో ఆ కాగితం చదవలేదు. దాని బదులు "హలో గురించి తప్పుడు కథ, అసలు కథ" అని కొత్తది రాసుకుని చదివారు.

పేజీ ఎలా ఉంటుందో చెప్పాలి. ఆర్భాటం ఉండదు. మాట, దాని వ్యాకరణ జాతి, ఏడాది, తర్వాత నాలుగు వాక్యాలు. ఔచ్ అని కొడితే ఆశ్చర్యార్థకం అని సూచిస్తూ 1837 అని ఉంటుంది. పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ల మాట నుంచి వచ్చిందట. నొప్పి పుడితే మనిషి నోట దానంతట అదే వచ్చే శబ్దం కదా, దానికి కూడా ఒక పుట్టిల్లు, ఒక ప్రయాణం ఉండటం పిల్లలకు వింతగా తోచింది. లాటిన్ వాళ్లు ఏమనేవాళ్లో, జపాన్ వాళ్లు ఇతాయ్ అంటారనీ ఆ చిన్న పేజీలోనే చేర్చారు. అమ్మా, అబ్బా అనే మనకు ఈ పేజీ ఎంత దగ్గరగా అనిపిస్తుందో చెప్పలేను. ఇలాంటివి చదివినప్పుడే ఆ రాసినాయన ఎంత ప్రేమగా పని చేశారో తెలుస్తుంది.

ఓకే పేజీ ఈ సైటు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టం. మా ఊళ్లో గొర్రెలు కాసే తాత నుంచి అంగన్‌వాడీ పాపాయి దాకా అందరూ వాడే మాట ఇది. 1838, 39 ప్రాంతాల్లో బోస్టన్, న్యూయార్క్ కుర్రకారులో ఒక సరదా ఉండేది. మామూలు మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి, ఆ తప్పు స్పెల్లింగు నుంచి పొడి అక్షరాలు తీసేవారు. నో యూజ్ అనేదాన్ని కె.వై. అని రాసేవారు, నో అనే మాటకు తెలుసుకోవడం అనే అర్థంలోని, కేతో మొదలయ్యే స్పెల్లింగు, యూజ్‌కు వైతో మొదలయ్యే స్పెల్లింగు పెట్టి. ఆల్ కరెక్ట్‌ను ఏ బదులు ఓ, సీ బదులు కే పెట్టి ఓ.కె. అన్నారు. అది బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో అచ్చయిన రోజు కూడా తెలుసు: 1839 మార్చి 23. దీన్ని వెతికి పట్టుకున్నది కొలంబియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆలెన్ వాకర్ రీడ్. ఆయన పరిశోధన 1963, 64 సంవత్సరాల్లో వెలువడేదాకా దీని మీద ఎన్ని ఊహలో! అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ అయితే అది అమెరికా మూలవాసులైన చాక్టా తెగ వాళ్ల మాట అనుకుని ఒకెహ్ అని రాసేవాడు.

ఆ సరదా మాటలన్నీ పోయి ఇదొక్కటే ఎందుకు మిగిలిందీ అంటే, ఎన్నికల పుణ్యమా అని. 1840లో మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో కిండర్‌హుక్ అనే ఊరు, అందుకని ముద్దుపేరు ఓల్డ్ కిండర్‌హుక్. ఆయన మద్దతుదారులు ఓ.కె. క్లబ్బు పెట్టి ఊరేగారు. వాన్ బ్యూరెన్ ఓడిపోయాడు, మాట మాత్రం గెలిచింది. బిల్లు మీద, ఫైలు మీద చప్పున రెండు అక్షరాలు గీకి సరే అనిపించుకోవడానికి వీలుగా ఉండటం కూడా ఒక కారణమని ఎటిమాన్‌లైన్ అంటుంది. పార్టీ గుర్తులు, నినాదాలు చూస్తూ పెరిగిన మా పిల్లలకు ఇందులో వివరించాల్సింది ఏమీ లేదు. ఓడిపోయిన అభ్యర్థి నినాదం ప్రపంచమంతా తిరిగిందని తెలిసి చప్పట్లు కొట్టారు.

పోష్ పేజీ కూడా చూడండి. హైదరాబాదులో పోష్ ఏరియా అని మనం రోజూ అనే మాటే. బ్రిటిష్ దొరలు ఇండియాకు ఓడలో వచ్చేటప్పుడు ఎండ పడని ఎడమ వైపు గదులు, తిరిగి వెళ్లేటప్పుడు కుడి వైపు గదులు తీసుకునేవారనీ, పోర్ట్ అవుట్‌వర్డ్, స్టార్‌బోర్డ్ హోమ్ అని టికెట్ల మీద ముద్ర వేసేవారనీ, ఆ నాలుగు మొదటి అక్షరాలే పోష్ అనీ కథ. వినడానికి ఎంతో బాగుంది. మన దేశం పేరు కూడా ఉండటంతో క్విజ్ పుస్తకాలు, కోచింగ్ నోట్సులు దీన్ని వదిలిపెట్టవు. దానికి సాక్ష్యం లేదని ఎటిమాన్‌లైన్ నిక్కచ్చిగా రాస్తుంది. అలాంటి ముద్ర ఉన్న టికెట్టు ఒక్కటీ బయటపడలేదు. ఈ అర్థంలో మాట 1914 నాటికే ఉంటే, ఓడ కథ దశాబ్దాల తర్వాత గానీ వినబడలేదు.

మరి అసలు పుట్టుక? తెలియదు అనే రాశారు. ఆ తర్వాత, 1890 ప్రాంతంలో షోకిలా మనిషిని పోష్ అనేవారని, అంతకు ముందు దొంగల పరిభాషలో అది డబ్బుకు, చిన్న నాణేనికి పేరని, అది రోమానీ భాషలో సగం అనే మాట నుంచి వచ్చి ఉండొచ్చని చెబుతారు. రోమానీ అంటే ఎన్నో శతాబ్దాల కిందట మన ఉపఖండం నుంచి పడమటికి వెళ్లిపోయిన జనం భాష. దొరల ఓడలో వెతికిన మాట సంచార జనం నోట దొరికేలా ఉందన్నమాట. అయినా అక్కడ బహుశా అనే ఉంటుంది, అవును అని ఉండదు. ఈ నిగ్రహం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. డెడ్‌లైన్ పేజీలోనూ అంతే. అమెరికా అంతర్యుద్ధ కాలపు చెరసాలల్లో ఖైదీలు దాటితే కాల్చేసే గీతను 1864లో డెడ్‌లైన్ అన్నారు. గడువు అనే అర్థం పత్రికల వాళ్ల వాడుకలో 1920 నాటిది. రెండింటికీ సంబంధం ఉండొచ్చు అంటారు తప్ప ముడివేసి చేతిలో పెట్టరు.

ఇక ఆశ్చర్యం వేస్తే అనే మాటలు. మా అమ్మాయిలు కార్టూన్లు చూసి "ఓ మై గాష్" అనడం నేర్చుకున్నారు. గాష్ 1757, గాలీ 1775, జీ 1895. మొదటి రెండూ గాడ్ అనే మాటకు, మూడోది జీసస్ అనే మాటకు ముసుగులు. ఎందుకు ముసుగు అని అడిగాను. చర్చికి వెళ్లే ఒక పిల్ల లేచి "దేవుని పేరు వ్యర్థంగా పలకకూడదని పది ఆజ్ఞల్లో ఉంది మేడమ్" అంది. సరిగ్గా అదే. లండన్ కథల్లో వచ్చే బ్లైమీ కూడా "దేవుడు నా కళ్లు తీసేయుగాక" అనే ఒట్టు అరిగిపోయి మిగిలిన ముక్క. జౌండ్స్ అంటే దేవుని గాయాలు, అంటే సిలువ మీది గాయాలు. నాటకాల్లో దేవుని పేరు తేలిగ్గా వాడితే 10 పౌండ్ల జరిమానా అని ఇంగ్లండులో 1606లో చట్టమే చేశారు. షేక్‌స్పియర్ ఒథెల్లో నాటకం 1622 ముద్రణలో జౌండ్స్ ఉంటుంది, 1623 నాటి పెద్ద సంపుటంలో తీసేశారు. ఈ చట్టం కథ కావాలంటే వేరే చోట చదువుకోవాలి. ఎటిమాన్‌లైన్ పుట్టుక వరకే చెబుతుంది. ఓఎమ్‌జీ (ఓ మై గాడ్) మాత్రం ఫోన్ పిల్లల సొత్తేమీ కాదు. బ్రిటిష్ నౌకాదళ అడ్మిరల్ ఫిషర్ 1917లో చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఆ మూడు అక్షరాలూ వాడి, పక్కన బ్రాకెట్లో వివరం కూడా ఇచ్చాడు.

రోజూ అనే మర్యాద మాటలకూ ఇలాంటి పేజీలే ఉన్నాయి. గుడ్‌బై అంటే "దేవుడు నీకు తోడుండుగాక" అనే వాక్యం 1570ల నాటికి కుదించుకుపోయిన రూపం. సారీకి, దుఃఖం అనే అర్థమున్న సారోతో పుట్టుకలో చుట్టరికం లేదు, అది పుండు, నొప్పి అనే అర్థమున్న సోర్ కుటుంబంలోది. థాంక్ మాటకు ఆలోచించడం అనే అర్థమున్న థింక్ తోబుట్టువు. చీర్స్ వెనక ఫ్రెంచిలో ముఖం అనే మాట ఉంది. ముఖం నుంచి ముఖంలో కనిపించే భావానికీ, అక్కడి నుంచి సంతోషానికీ అర్థం జారింది.

లోటుపాట్లు లేకపోలేదు. విడి మాటలకు ఉన్నంత సులువు నుడికారాలకు లేదు. రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్ కావాలంటే రెయిన్ అనే మాట తెరిచి పేరా చివరిదాకా చదవాలి. ఏ మాట కింద దాచారో తెలియని పిల్లలు రెండు సార్లు వెతికి వదిలేస్తారు. అన్నట్టు దీని మీదా ఒక కట్టుకథ ఉంది: పూర్వం పిల్లులూ కుక్కలూ గడ్డి కప్పు మీద పడుకునేవని, వానకు జారి కింద పడేవని. 1500ల నాటి జీవితం అంటూ 1999లో ఈమెయిళ్లలో తిరిగిన ఒక కాగితంలోనిది ఆ కథ. ఈ నుడికారం 1738లో జొనాథన్ స్విఫ్ట్ రాతలో కనిపిస్తుంది. అంతకు ముందు 17వ శతాబ్దంలోనే కుక్కలూ, పోల్‌క్యాట్ అనే చిన్న వేటజంతువులూ కురిసినట్టు రాసినవాళ్లున్నారు. బోద కొట్టాల్లో పెరిగిన మా పిల్లలకు ఈమెయిలు కథ చెప్పగానే నవ్వారు. కప్పు మీద కుక్క పడుకోవడం వాళ్లెవరూ చూడలేదు.

పొడి అక్షరాలు మరో ఇబ్బంది. శతాబ్దానికి ఒక గుర్తు, సుమారు అనడానికి ఒక గుర్తు, ఇంగ్లీషు, సంస్కృతం లాంటివాటికి తల్లి అనుకునే ఇండో యూరోపియన్ మూలభాషకు మూడక్షరాల గుర్తు. కొన్ని మాటల ముందు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఆ రూపం ఎక్కడా రాతలో దొరకలేదని, పోలికలు చూసి భాషావేత్తలు కట్టిన రూపమని దాని భావం. టీచరు ఇది ముందే చెప్పకపోతే పిల్లలు దాన్ని నిజమైన పాత మాటగా రాసుకుంటారు. ఏడాది విషయంలోనూ జాగ్రత్త కావాలి. జనం నోట మాట అంతకు ఎన్నో ఏళ్ల ముందే ఉండొచ్చని, ముఖ్యంగా 1700కు ముందువి అంచనాలేనని వాళ్ల ముందుమాటలోనే రాశారు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అయితే ప్రతి అర్థానికీ ఏ పుస్తకంలో ఏ వాక్యమో వరుసగా ఇస్తారు. ఇక్కడ అంత వివరం ఉండదు. ఆక్స్‌ఫర్డుకు చందా కట్టాలి, మా స్కూలుకు అది కుదిరే పని కాదు. ఉచితంగా దొరికేవాటిలో దీనికి సాటి నాకు కనిపించలేదు. ఐదుకు నాలుగున్నర ఇస్తాను.

తోటి టీచర్లకు ఒక మాట. ప్యానెల్ మీద తెరిచే ముందు ఆ పేజీ ఇంట్లో ఒకసారి చదువుకోండి. తిట్లు, బూతుల పుట్టుకను కూడా ఈ నిఘంటువు అంతే శ్రద్ధగా, దాపరికం లేకుండా ఇస్తుంది. అది నిఘంటువు ధర్మం. ఏడో తరగతి ముందు ఏది తెరవాలన్నది మన బాధ్యత.

మొదటిసారి చూపించాలంటే బ్యాండికూట్‌తో మొదలుపెట్టండి. 1789 అని ఉండి, పక్కనే తెలుగు పందికొక్కు అని ఉంటుంది. వేరుశనగ చేలల్లో పందికొక్కు బొక్కలు తవ్వి చూసిన పిల్లలు మావాళ్లు. ఇంగ్లీషు నిఘంటువులో తెలుగు అనే పేరు, కింద తమకు తెలిసిన జంతువు! ఆస్ట్రేలియాలో దీనికి ఏ సంబంధమూ లేని, సంచిలో పిల్లల్ని మోసే ఒక జంతువుకు కూడా ఆ పేరే పెట్టారని చెబితే ఇంకా ఉత్సాహపడ్డారు. ఆ రోజు నుంచి ఇంగ్లీషు తమకు బొత్తిగా పరాయిదన్నట్టు కూర్చునేవాళ్లు తగ్గారు.

వెంటనే వచ్చిన ప్రశ్నకు మాత్రం ఎటిమాన్‌లైన్ జవాబు చెప్పలేదు. "మరి మన అబ్బో, అయ్యో, ఔరా ఎప్పటివి మేడమ్?" ఆంధ్రభారతి సైటులో బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం లాంటివి ఒకేచోట వెతుక్కోవచ్చు, ఉచితంగానే. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ పదవ్యుత్పత్తి నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయం నెట్లో పెట్టింది. రెండూ గొప్ప పనులే, నేను వాడతాను. కానీ బడిపిల్ల ఒక మాట కొడితే, ఇది ఫలానా శాసనంలో, ఫలానా కావ్యంలో, ఫలానా ఏడు మొదట కనిపించింది అని నాలుగు వాక్యాల్లో చెప్పే చోటు తెలుగుకు కావాలి. తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ళ శాసనం మా జిల్లాదే, ఎర్రగుంట్ల దగ్గర, సుమారు క్రీ.శ. 575 నాటిది, రేనాటి చోళుల ధనుంజయుడి కాలంలోది. అంటే అంకె వేయడానికి మనకు దాదాపు 1450 ఏళ్ల రాత ఉంది. లాంకాస్టర్‌లో ఒక కాపీ ఎడిటరు మొదలుపెట్టగలిగిన పని మన దగ్గర శాసనాలు చదవగలిగినవాళ్లు, కోడింగ్ తెలిసినవాళ్లు కలిస్తే ఎందుకు కాదు? ఎవరైనా పూనుకుంటే కడప జిల్లా మాటలు ఊరూరా సేకరించి పంపే పని మా పిల్లలతో కలిసి నేను చేస్తాను.